వీధుల్లేని చోట పుట్టిన వీధి పాట: ఫ్రెంచ్ ర్యాప్‌లో బతుకుపోరు

క్లుప్తంగా: ఫ్రెంచ్ ర్యాప్‌లో మాటిమాటికీ వచ్చే 'వీధి' అంటే నగర శివార్లలో ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్ బ్లాకుల మెట్ల కింద, పార్కింగ్ స్థలాల్లో గడిచే జీవితం. ఆ బ్లాకులు కట్టిన తీరు, మూతపడిన ఫ్యాక్టరీలు, పోలీసు తనిఖీలు, ఒక రేడియో చట్టం, కొన్ని కోర్టు కేసులు కలిసి ఆ పాటకు రూపం ఇచ్చాయి. ఇవి తెలియకుండా వింటే డ్రగ్స్, డబ్బు, తిట్లు మాత్రమే చెవిన పడతాయి.

2024 మే 8న ఒలింపిక్ జ్యోతి గ్రీస్ నుంచి ఓడలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు చేరింది. అక్కడ జ్యోతిపాత్రను వెలిగించే గౌరవం ఆ ఊరి ర్యాపర్ జుల్‌కు దక్కింది. రెండున్నర నెలల తర్వాత పారిస్ ప్రారంభోత్సవంలో, ఓల్నే-సు-బువా అనే శివారు పట్టణంలో పెరిగిన గాయని అయా నకమురా ఫ్రెంచ్ సైనిక బ్యాండ్‌తో కలిసి పాడింది. దానికి ముందు ఏడాది, 2023 జూన్‌లో, పారిస్ పక్కనున్న నాంతేర్‌లో పోలీసు కాల్పుల్లో 17 ఏళ్ళ కుర్రాడు చనిపోవడంతో ఇలాంటి శివార్లే దేశమంతటా భగ్గుమన్నాయి. ఏడాది తేడాలో ఒకే రకం ఊళ్ళు ఇలా రెండు రకాలుగా వార్తల్లోకి వచ్చాయి. ఫ్రాన్స్ అనగానే ఈఫిల్ టవర్, పెర్ఫ్యూమ్ గుర్తొచ్చే పాఠకుడికి ఇది అయోమయంగా ఉండటం సహజమే.

ఈ అయోమయం తీరాలంటే పాటల కంటే ముందు ఇళ్ళ సంగతి చూడాలి.

వీధి ఏది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ఇళ్ళ కరువు తీవ్రంగా ఉండేది. 1954 చలికాలంలో ఇల్లు లేని జనం చలికి చనిపోయారు. నాంతేర్‌లో అల్జీరియా కూలీలు రేకులతో, చెక్కలతో వేసుకున్న గుడిసెల్లో కాలం గడిపేవారు. అప్పుడు ప్రభుత్వం తక్కువ అద్దె ఇళ్ళను వేల సంఖ్యలో, నగరాల బయట, పొడవాటి బ్లాకులుగా కట్టడం మొదలుపెట్టింది. ఇలాంటి సముదాయాన్ని 'సితే' అంటారు. ఇవి ఉన్న శివారు ప్రాంతాన్ని 'బాన్ల్యూ' అంటారు. లా కుర్నెవ్ అనే ఊళ్ళో నాలుగు వేల ఫ్లాట్ల సముదాయం ఒకటి లేచింది. అందుకే దానికి 'నాలుగు వేలు' అనే పేరు పడింది. అందులోని బ్లాకులకు దెబ్యుసీ, రవెల్, రెన్వార్, బాల్జాక్ అని సంగీతకారుల, చిత్రకారుల, రచయితల పేర్లు పెట్టారు.

గుడిసెల్లోంచి వచ్చినవాళ్ళకు స్నానాల గది, వేడి నీళ్ళు ఉన్న ఇల్లు దొరకడం చిన్న విషయం కాదు. మొదటి తరం అందుకు సంతోషించింది కూడా. చిక్కంతా ఇంటి బయట వచ్చింది. ఆ కాలపు ఆర్కిటెక్టుల మీద లె కోర్బూజియే ప్రభావం బలంగా ఉండేది. మన చండీగఢ్‌కు రూపం ఇచ్చిన మనిషే ఆయన. రెండు పక్కలా ఇళ్ళు, కొట్లు ఉండే పాతకాలపు వీధిని తీసేయాలన్నది ఆయన వాదం. ఆ ఆలోచనతో కట్టిన చోట్ల బ్లాకుకూ బ్లాకుకూ మధ్య గడ్డి, పార్కింగ్, ఖాళీ జాగా మిగిలాయి. అరుగు లేదు, సందు లేదు, నలుగురు చేరి కబుర్లాడే టీకొట్టు లాంటిది లేదు.

ఇక కుర్రాళ్ళకు నిలబడటానికి మిగిలింది బ్లాకు కింద ప్రవేశద్వారం. దాన్ని ఇంగ్లిష్ మాటతోనే హాల్ అంటారు. పోస్టు డబ్బాల వరుస, తరచూ మొరాయించే లిఫ్టు, మీట నొక్కితే కాసేపు వెలిగి దానంతట అదే ఆరిపోయే మెట్ల లైటు, ఇంతే హాల్. చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడే దేశంలో, ఇరుకింట్లో తమ్ముళ్ళు చెల్లెళ్ళు నిద్రపోతుంటే, పదిహేడేళ్ళ కుర్రాడు స్నేహితులను కలిసేది అక్కడే. పాటల్లో హాల్ అనే మాట అన్నిసార్లు రావడానికి కారణం ఇదే.

2003 మార్చిలో వచ్చిన అంతర్గత భద్రత చట్టం, దారికి అడ్డంగా హాల్లో గుంపుగా నిలబడటాన్ని నేరం చేసింది. రెండు నెలల దాకా జైలు, 3,750 యూరోల దాకా జరిమానా. అద్దెకున్న ముసలివాళ్ళు, పిల్లల తల్లులు తమ మెట్ల దగ్గర భయపడుతూ నడవాల్సి వస్తోందని చేసిన ఫిర్యాదులు నిజమైనవే. కానీ ఆ కుర్రాళ్ళు వెళ్ళడానికి మరో చోటేదీ చట్టం చూపించలేదు. ఊరకే నిలబడి రోజు గడపడాన్ని ఆ కుర్రాళ్ళు 'గోడలు పట్టుకుని ఉండటం' అంటారు. అల్జీరియాలో పనిలేని యువకులకు గోడ అనే మాట నుంచే 'హీతిస్త్' అని పేరొచ్చింది. తండ్రుల దేశంలోనూ, కొడుకుల దేశంలోనూ నిరుద్యోగం గోడకే ఆనుకుంది.

ఫ్యాక్టరీ పోయింది, దాని మాట మిగిలింది

యానాంను 1954 దాకా ఏలిన ఫ్రాన్స్ ఆ కాలంలోనే అల్జీరియా, మొరాకో, సెనెగల్, మాలి వంటి దేశాలనూ ఏలింది. యుద్ధం తర్వాత కార్ల ఫ్యాక్టరీలకు, కట్టడాలకు కావలసిన కూలీలను చాలావరకు అక్కడి నుంచే తెచ్చుకుంది. 1973 చమురు సంక్షోభంతో ఆ దశ ముగిసింది. 1974లో కొత్త కూలీల రాకను ఆపేశారు. ఆ తర్వాత ఒక్కొక్క ఫ్యాక్టరీ మూతపడుతూ వచ్చింది. బూలోన్-బియాంకూర్‌లోని రెనో ఫ్యాక్టరీ 1992లో ఆగింది. ఓల్నేలో 1973లో మొదలైన సిత్రోయెన్ ఫ్యాక్టరీ 2013లో చివరి కారు తయారుచేసింది. మొదటి తరానికి ఉద్యోగం ఉండేది, ఇల్లు లేదు. రెండో తరం వచ్చేసరికి ఇల్లు ఉంది, ఉద్యోగం లేదు.

ఈ స్థితికి ఫ్రెంచ్‌లో 'గలేర్' అనే మాట స్థిరపడింది. పూర్వం ఖైదీలను గొలుసులతో కట్టి తెడ్లు వేయించిన ఓడ పేరు అది. ఇప్పుడు తిప్పలు, పూట గడవకపోవడం, ఎటూ తోచకపోవడం, అన్నిటికీ అదే మాట. సమాజ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా ద్యుబే 1987లో శివారు యువత మీద చేసిన అధ్యయనానికి ఈ పదాన్నే పేరుగా పెట్టి, పక్కన 'బతుకు నెట్టుకొస్తున్న యువత' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక చేర్చాడు. అప్పటికి ఫ్రెంచ్ ర్యాప్ ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. అంటే బతుకుపోరు అనే అంశం అమెరికా రికార్డుల నుంచి ఎత్తుకొచ్చింది కాదు. బాణీ అక్కడిది, బాధ ఇక్కడిది.

మాదకద్రవ్యాల వ్యాపారం వాడే మాటలు ఇంకా ఆలోచింపజేస్తాయి. సరుకు అమ్మేవాడి పనిని 'షార్బొనే' అంటారు. అసలు అర్థం బొగ్గుతో చేసే పని, అక్కడి నుంచి ఒళ్ళొంచి కష్టపడటం. అమ్మే చోటు 'ఫూర్', అంటే పొయ్యి. సరుకును తన ఇంట్లో దాచిపెట్టే మనిషి 'నూరిస్', అంటే దాది. పోలీసులు వస్తున్నారేమోనని కాపలా కాసే పిల్లవాడు 'షూఫ్'. అరబ్బీలో 'చూడు' అని దానర్థం. బొగ్గు, పొయ్యి, షిఫ్టు, జీతం: ఫ్యాక్టరీ తండ్రులు వాడదగిన మాటలతో కొడుకులు చట్టవిరుద్ధమైన పనిని చెప్పుకుంటున్నారు. ర్యాప్‌లో డ్రగ్స్ ప్రస్తావన ఎక్కువసార్లు విందులా కాక కూలిపనిలా వినిపించేది అందుకే. గంటల తరబడి నిలబడటం, చలి, విసుగు, పైవాడికి లెక్క చెప్పడం ఇందులోనూ ఉంటాయి. ప్రాణభయం అదనం. మార్సెయ్‌లో ఒక్క 2023లోనే ఈ వ్యాపారపు కక్షలకు 49 మంది బలయ్యారు.

ఇంటిపేరుగా మారిన అంకె

అమెరికా ర్యాప్ నేరుగా జాతి గురించి మాట్లాడుతుంది. ఫ్రెంచ్ ర్యాప్ ఎక్కువగా చిరునామా గురించి మాట్లాడుతుంది. ఈ తేడాకు మూలం ఆ దేశపు చట్టాల్లో ఉంది. పౌరులంతా ఒక్కటేనన్న సూత్రంతో ఫ్రాన్స్ జనగణనలో జాతి, మతం అడగదు. 1978 చట్టం అలాంటి వివరాల సేకరణను గట్టిగా కట్టడి చేసింది. మన జనగణనలో ఎస్సీ, ఎస్టీ వివరాలు ఉంటాయి కాబట్టి వివక్ష గురించి వాదించేటప్పుడు చేతిలో ఒక లెక్క ఉంటుంది. అక్కడ ఆ లెక్క లేదు. ప్రాంతం లెక్క మాత్రం ఉంది.

అందుకే జిల్లా అంకెలే గుర్తింపు అయ్యాయి. పారిస్‌కు ఉత్తరాన ఉన్న సేన్-సాన్-దెనీ జిల్లా అంకె 93. ప్రధాన భూభాగంలో పేదరికం అత్యధికంగా ఉన్న జిల్లా అది. పద్ధతి ప్రకారం ఫ్రెంచ్‌లో 93ను 'నాలుగు ఇరవైలు పదమూడు' అని పలకాలి. ర్యాపర్లు మాత్రం 'తొమ్మిది-మూడు' అని విడివిడిగా పలికారు. బడి నేర్పిన లెక్కను పక్కన పెట్టి తమ అంకెను తామే పలుక్కోవడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, ఇప్పుడు దేశంలో ఎవరిని అడిగినా ఆ పలుకు తెలుసు. మార్సెయ్ ఉన్న జిల్లాకు 13, తూర్పు దక్షిణ శివార్లకు 94, 91 కూడా ఇలాగే పాటల్లో ఇంటిపేర్లయ్యాయి.

పోలీసు తనిఖీ సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. దారిన పోయేవాణ్ణి ఆపి గుర్తింపు కార్డు అడగడం అక్కడ పోలీసులకున్న అధికారం. పౌరహక్కులను కాపాడేందుకు ఏర్పాటైన రాజ్యాంగబద్ధ సంస్థ 2017లో ఒక సర్వే ఫలితాలు వెల్లడించింది. అరబ్బులుగానో నల్లవాళ్ళుగానో కనిపించే యువకులను ఆపే అవకాశం మిగతావాళ్ళ కంటే 20 రెట్లు ఎక్కువని తేలింది. ముఖం చూసి తనిఖీ చేసినందుకు ప్రభుత్వానిదే తప్పని అత్యున్నత న్యాయస్థానం 2016లోనే కొన్ని కేసుల్లో తీర్పు ఇచ్చింది. పాటల్లో పోలీసు మీద అంత కోపం ఎందుకన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఈ రోజువారీ చిన్న అవమానంలోనే.

భాష కూడా ఈ జాగాలోనే మారింది. 'వెర్లాన్' అనే పద్ధతిలో మాటను తిరగేస్తారు. తలకిందులు అనే అర్థమున్న 'లాన్వెర్' తిరగబడితే 'వెర్లాన్'. ఆడమనిషి 'ఫామ్' తిరగబడి, చివర తెగి, 'మెఫ్' అయింది. పోలీసు 'ఫ్లిక్' కాస్తా 'కెఫ్' అయింది. చిన్నప్పుడు పెద్దవాళ్ళకు అర్థం కాకుండా క-భాష మాట్లాడుకున్నవాళ్ళకు ఈ సరదా, ఈ అవసరం రెండూ తెలుసు. తేడా ఏమిటంటే, ఆ మాటలు పాటల వెంట నడిచి డిక్షనరీల్లోకే ఎక్కాయి.

'మేము' నుంచి 'నేను' దాకా

1990ల తొలి బృందాలు ఎక్కువగా 'మేము' అని మాట్లాడేవి. సాన్-దెనీ నుంచి ఎన్‌టీఎం, మార్సెయ్ నుంచి ఐయామ్ వచ్చాయి. వాటి పాటల్లో వినేవాడు ప్రభుత్వమే. ఇదీ మా పరిస్థితి, మీరేం చేస్తున్నారు అన్న స్వరం వాటిది. ఐయామ్ 1997 ఆల్బమ్ చివరి పాట దాదాపు తొమ్మిది నిమిషాలు నడుస్తుంది. పల్లవి లేదు. శీర్షికకు అర్థం 'రేపు చాలా దూరం'. అందులో మొదటి గాయకుడు ఒక ముక్క ఏ మాటతో ముగిస్తే తర్వాతి ముక్కను ఆ మాటతోనే ఎత్తుకుంటాడు. తెలుగు అలంకారాలు చదువుకున్నవాళ్ళు దాన్ని వెంటనే గుర్తుపడతారు. అది ముక్తపదగ్రస్తం. విడిచిన పదాన్నే మళ్ళీ పట్టుకోవడం. పద్యంలో అది అందం. ఇక్కడ దానికి ఇంకో పని కూడా ఉంది. ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే మొదలవుతాడు కాబట్టి పాట ముందుకు పోతున్నా మనిషి కదలనట్టే అనిపిస్తుంది. రోజు ముగిసిన చోటే మర్నాడు మొదలయ్యే జీవితాన్ని చెప్పడానికి ఇంతకంటే సరైన అలంకారం దొరకదు. పల్లవి లేకపోవడమూ అలాంటిదే, ఊపిరి తీసుకునే చోటు లేదు.

2000 వచ్చేసరికి స్వరం మారింది. రెనో ఫ్యాక్టరీ మూతపడిన బూలోన్ ర్యాప్ బృందాల్లోంచే బూబా వచ్చాడు. అలీ అనే ర్యాపర్‌తో కలిసి లునాటిక్ పేరుతో అతను చేసిన ఆల్బమ్‌ను పెద్ద కంపెనీలు తీసుకోలేదు. సొంత లేబుల్ మీద వచ్చి, బాగా అమ్ముడైన ఆల్బమ్‌లకు ఇచ్చే గోల్డ్ డిస్క్ దక్కించుకుంది. ఇక్కడ ప్రభుత్వానికి విన్నపం ఏదీ లేదు. ఎవరూ ఏమీ ఇవ్వరని నిర్ణయానికి వచ్చేసిన మనిషి మాట అది. 'మేము' తగ్గి 'నేను' పెరిగింది.

2015 తర్వాత పీఎన్ఎల్ అనే అన్నదమ్ముల జోడీ మరో మలుపు తిప్పింది. వీళ్ళది కోర్బే-ఎసోన్‌లోని తార్తెరే సితే. ఇంటర్వ్యూలు ఇవ్వరు. లేబుల్ పేరుకు 'కుటుంబం మాత్రమే' అని అర్థం. వీళ్ళ పాటల్లో సరుకు అమ్మిన రోజులు గొప్పగా రావు. డబ్బు వచ్చాక కూడా వదలని దిగులు, అమ్మానాన్నల ప్రస్తావన, మెట్ల కింద పోగొట్టుకున్న ఏళ్ళు వస్తాయి. గొంతును కంప్యూటర్‌తో మార్చే ఆటోట్యూన్‌తో సాగదీసిన స్వరం ఆ దిగులుకు తగినట్టు ఉంటుంది. ఒక వీడియోను ఇటలీలో నేపుల్స్ శివారు స్కాంపియాలో తీశారు. అక్కడి బ్లాకులూ ఇలాంటివే. 2019లో ఇంకో వీడియోను ఈఫిల్ టవర్ మీద తీశారు. శివారు కుర్రాళ్ళకు దూరం నుంచి మాత్రమే కనిపించే కట్టడం అది.

జుల్ దారి వేరు. అతని పాటలో వేగం, నాట్యం ఎక్కువ. పేట కష్టాలు మధ్యమధ్యలో ఒక పంక్తిలో వచ్చి పోతాయి. 2020లో అతను మార్సెయ్ ర్యాపర్లను యాభై మంది దాకా ఒక ఆల్బమ్‌లో కలిపాడు. ఒకే నగరంలో పేటల మధ్య కక్షలు నడుస్తున్న కాలంలో అంతమంది ఒక చోట చేరడం దానంతట అదే ఒక వార్త అయింది.

ఆడవాళ్ళ గొంతు ఈ కథలో తక్కువ వినిపిస్తుంది. హాల్ మగవాళ్ళ జాగా. దానిమీద నిలబడిన పాటలో ఆడవాళ్ళకు చోటు ఇరుకైంది. అయినా 2006లో దియామ్స్ అనే మహిళా ర్యాపర్ ఆల్బమ్ ఆ ఏడాది ఫ్రాన్స్‌లో అమ్మకాల్లో మొదటి వరుసలో నిలిచింది. ఆమె పాటల్లో అదే శివారు ఇంటి లోపలి నుంచి కనిపిస్తుంది.

చట్టం ఒక చేత్తో పెంచింది

ర్యాప్ ఇంతగా వ్యాపించడానికి ఒక భాషా చట్టం కారణమని చాలామందికి తెలియదు. ఇంగ్లిష్ పాటల ధాటికి ఫ్రెంచ్ పాట నిలవడానికి 1994లో చేసిన చట్టం ప్రకారం, 1996 జనవరి నుంచి రేడియోలు ముఖ్య సమయాల్లో కనీసం 40 శాతం ఫ్రెంచ్ పాటలు వేయాలి. అందులో సగం కొత్త గొంతులకో కొత్త పాటలకో ఇవ్వాలి. యువత వినే స్టేషన్లకు అన్ని కొత్త ఫ్రెంచ్ పాటలు ఎక్కడి నుంచి రావాలి? ర్యాప్ సిద్ధంగా ఉంది. స్కైరాక్ అనే స్టేషన్ పూర్తిగా ర్యాప్ వైపు తిరిగింది. సంప్రదాయ ఫ్రెంచ్ పాటను కాపాడాలని చేసిన ఏర్పాటు శివారు పాటను దేశమంతటికీ వినిపించింది. 2016 నుంచి స్ట్రీమింగ్‌ను ఆల్బమ్ లెక్కల్లో కలపడంతో, ఫోన్‌లో పాట వినే కుర్రకారు సంఖ్య నేరుగా చార్టుల్లో కనిపించసాగింది. పెద్ద కంపెనీ అవసరం లేకుండానే పీఎన్ఎల్, జుల్ లాంటివాళ్ళు నిలదొక్కుకున్నారు.

ఇంకో చేత్తో కోర్టుకు లాగింది

1995 జులైలో ఎన్‌టీఎం ఒక సభలో వేదిక మీద పోలీసులను దూషించింది. 1996 నవంబరులో తులోన్ కోర్టు తప్పనిసరిగా అనుభవించాల్సిన మూడు నెలల జైలుతో పాటు ఆరు నెలలు పాడకూడదని నిషేధం వేసింది. గాయకులను వృత్తి నుంచే ఆపడం మీద పెద్ద చర్చ జరిగింది. అప్పీలులో శిక్ష అమలును నిలిపి ఉంచిన రెండు నెలల జైలుకు, 50,000 ఫ్రాంకుల జరిమానాకు తగ్గింది. లా రుమర్ ర్యాప్ బృందంలోని హామే మీద 2002లో హోం శాఖ కేసు వేసింది. పోలీసుల చేతుల్లో చనిపోయిన శివారు యువకుల గురించి అతను రాసిన వ్యాసం అందుకు కారణం. చివరికి అతను నిర్దోషి అని తేలడానికి 2010 దాకా, ఎనిమిదేళ్ళు పట్టింది.

2005 అక్టోబరు 27న క్లిషీ-సు-బువాలో పోలీసుల నుంచి పారిపోతూ విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దాక్కున్న ఇద్దరు కుర్రాళ్ళు చనిపోయారు. మూడు వారాలు అల్లర్లు జరిగాయి, అత్యవసర పరిస్థితి విధించారు. ఆ తర్వాత సుమారు 200 మంది పార్లమెంటు సభ్యులు కొన్ని ర్యాప్ బృందాల మీద చర్య తీసుకోవాలని న్యాయ మంత్రిని కోరారు. పాట విని అల్లరి చేశారన్నది వాళ్ళ వాదన. ఈ వాదనలో కాలక్రమం తిరగబడింది. లియోన్ శివార్లలోని మెంగెత్ పేట 1981లోనే రగిలింది. అప్పటికి ఫ్రెంచ్ ర్యాప్ పుట్టనేలేదు.

బ్రిటన్‌లో, అమెరికాలో ర్యాప్ పంక్తులను హత్య కేసుల్లో సాక్ష్యంగా చూపిస్తుంటారు. నువ్వు పాడావు కాబట్టి నువ్వే చేశావన్నది అక్కడి తర్కం. ఫ్రాన్స్‌లో ఎక్కువసార్లు పాటే నేరం. ప్రభుత్వ వ్యవస్థలను దూషించడం, పరువు తీయడం, రెచ్చగొట్టడం అనే నేరాలకు 1881 పత్రికా చట్టం దాకా వేళ్ళున్నాయి. అందుకే అక్కడి ర్యాపర్ తనను తాను నేరస్థుడిగా కాక రచయితగా సమర్థించుకోవాల్సి వచ్చింది. పాటల్లో ఉపమల మీద, ద్వంద్వార్థాల మీద అంత శ్రద్ధ కనిపించడానికి ఇదీ కొంత కారణం కావచ్చు.

నేరాన్ని గొప్పగా చూపిస్తోందా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయడం తగదు. తుపాకి, ఖరీదైన కారు, నోట్ల కట్ట తప్ప మరేమీ లేని పాటలు బోలెడు వస్తున్నాయి. స్ట్రీమింగ్‌లో మొదటి కొన్ని సెకన్లలోనే వినేవాణ్ణి పట్టుకోవాలి కాబట్టి, అలాంటి బొమ్మ త్వరగా అమ్ముడవుతుంది. శివారు జీవితం ఎన్నడూ చూడని పట్టణ మధ్యతరగతి పిల్లలు దీన్ని సాహసకథలా వింటారు. ఆ పేటలోనే ఉండే పన్నెండేళ్ళ షూఫ్‌కు అది భవిష్యత్తులా కనిపించే ప్రమాదం ఉంది.

అయితే ర్యాప్ అంతా అదే అనుకోవడమూ పొరపాటే. ఓర్లీ శివారు నుంచి వచ్చిన ర్యాపర్ కెరీ జేమ్స్ ఏళ్ళ తరబడి చదువు గురించి పాడాడు, కచేరీల ద్వారా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చాడు. అతని పాటల్లో బతుకుపోరు అంటే పేటలో గెలవడం కాదు, పేట పెట్టిన హద్దు దాటడం. పీఎన్ఎల్ దిగులు, ఐయామ్ ఆగని పద్యం, కెరీ జేమ్స్ హెచ్చరిక: మూడూ ఒకే మెట్ల కింద నుంచి వచ్చినవే.

ఇక ముందు మారబోయేది ఆ మెట్ల చుట్టూ ఉన్న ఊరే. 'నాలుగు వేలు'లో దెబ్యుసీ బ్లాకును 1986లోనే కూల్చేశారు. రెన్వార్ 2000లో, బాల్జాక్ 2011లో నేలకూలాయి. 2003లో మొదలైన జాతీయ పునర్నిర్మాణ కార్యక్రమం ఇదే పనిని దేశమంతటా చేస్తోంది. పొడవాటి బ్లాకు తీసి చిన్నవి కడతారు, వాటి మధ్య మామూలు వీధులు వేస్తారు, ప్రవేశద్వారాలకు కోడ్ తాళాలు బిగిస్తారు. సరుకు అమ్మకం కూడా పొయ్యి దగ్గరి నుంచి ఫోన్‌లోకి, స్కూటర్ మీద ఇంటికి తెచ్చిచ్చే డెలివరీలోకి కొంత జరిగింది. కొత్త పాటల్లో హాల్ పక్కనే ఇప్పుడు ఫోన్ మోగుతోంది, స్కూటర్ ఆగుతోంది. కూలిన బ్లాకుల పేర్లు పాత రికార్డుల్లో ఉన్నాయి.